తొలి జట్టు నాయకుడు జ్లాట్కో క్రాంచార్

జ్లాట్కో క్రాంచార్ క్రొయేషియా దేశానికి చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు, తదనంతర కాలంలో శిక్షకుడు. 1956 నవంబరు 15న జాగ్రెబ్ నగరంలో జన్మించి, 2021 మార్చి 1న అదే నగరంలో 64 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ప్రత్యర్థి గోలు ముందు నిలిచి బంతిని వలలోకి పంపే స్ట్రైకర్‌గా డైనమో జాగ్రెబ్, రాపిడ్ వియన్నా జట్లకు పదిహేడేళ్ల పాటు ఆడారు. యుగోస్లావియా నుంచి క్రొయేషియా ఇంకా విడిపోక ముందే, 1990లో, క్రొయేషియా పేరుతో బరిలోకి దిగిన తొలి జట్టుకు నాయకత్వం వహించారు. 2004 నుంచి 2006 వరకు అదే దేశపు జాతీయ జట్టుకు శిక్షకుడిగా ఉండి ప్రపంచ కప్‌కు తీసుకువెళ్లారు. ఆ జట్టులో ఆయన కన్నకొడుకు నికో కూడా ఉన్నాడు. అందువల్ల ఆయన పేరు చెప్పినప్పుడల్లా ఆట గురించి ఎంత చర్చ జరిగిందో, తండ్రీకొడుకుల బంధం గురించీ అంతే చర్చ జరిగింది.

పేరును గురించి ఒక్క మాట. ఇంగ్లీషు పత్రికలలో ఈ పేరును చూసి మనవాళ్లు క్రంజ్‌కర్ అని చదువుతుంటారు. క్రొయేషియన్ భాషలో ఆ నడిమి ధ్వని మన వర్ణమాలలోని ఞకారమే; దాని పక్కన ఉన్నది చకారం. తెలుగులో చకారానికి ముందు సున్న పెడితే అది తనంతట తానే ఞకారంగా పలుకుతుంది కదా, మంచం, కంచె అన్నప్పటి వలె. కాబట్టి క్రాంచార్ అని వ్రాసి మామూలుగా చదివితే జాగ్రెబ్ వాళ్లు పలికినట్టే ఉంటుంది. ఈ సౌకర్యం ఇంగ్లీషు వారికి లేదు. ఇక జ్లాట్కో అన్నది బంగారం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన పేరు. మన వైపు బంగారయ్య అన్నా, ఎల్ల దాటగానే బంగారప్ప అన్నా అదే పేరు. అభిమానులు మాత్రం ఆయనను ముద్దుగా త్సిత్సో అని పిలిచేవారు.

ఆయన పుట్టిన దేశం

క్రాంచార్ జీవితం అర్థం కావాలంటే ఆయన పుట్టిన దేశం ఏమైందో ముందు తెలియాలి. ఇటలీకి తూర్పున, ఏడ్రియాటిక్ సముద్రానికి ఆవలి గట్టున, యుగోస్లావియా అనే సమాఖ్య ఉండేది. అందులో ఆరు రిపబ్లిక్కులు. వాటిలో క్రొయేషియా ఒకటి, సెర్బియా మరొకటి. క్రొయేషియన్లు, సెర్బులు మాట్లాడే భాషలు ఒకరికొకరికి ఇబ్బంది లేకుండా అర్థమయ్యేంత దగ్గరవి. లిపి దగ్గరే తేడా, ఒకరిది రోమన్ లిపి, మరొకరిది ప్రధానంగా సిరిలిక్. తెలుగు, కన్నడ సంగతి ఇందుకు తలకిందులు: లిపులు అక్కచెల్లెళ్లలా ఉంటాయి, భాషలు వేరు. 2021 జనగణన ప్రకారం క్రొయేషియా జనాభా సుమారు 38.7 లక్షలు. 2011 లెక్కలలో మన ఉమ్మడి అనంతపురం జిల్లా ఒక్కదాని జనాభా 40.8 లక్షలు. అంత చిన్న దేశం మూడుసార్లు ప్రపంచ కప్‌లో మొదటి మూడు స్థానాలలో నిలిచిందంటే (1998, 2018, 2022) అక్కడ ఆటకు ఉన్న స్థానం ఊహించుకోవచ్చు.

క్రాంచార్ పుట్టిన సంవత్సరం సరిహద్దు గ్రామాల వారికి వేరే కారణంగా గుర్తుండే సంవత్సరం. 1956 నవంబరు 1న భాషా ప్రాతిపదికపై రాష్ట్రాల పునర్విభజన అమలులోకి వచ్చింది. మన ఊళ్లు కొన్ని గీతకు ఇటూ, కొన్ని అటూ పడ్డాయి. సరిగ్గా రెండు వారాల తరువాత జాగ్రెబ్‌లో ఈ శిశువు పుట్టాడు. అదే ఏడాది డిసెంబరు 4న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు తలపడిందీ యుగోస్లావియాతోనే. మన జట్టు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. నెవిల్ డిసౌజా గోలుతో ముందు మనమే ఆధిక్యం సాధించాము. చివరకు యుగోస్లావియా 4-1తో గెలిచింది. నాలుగో స్థానంతో తిరిగి వచ్చినా, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇంతవరకు దానిని మించింది లేదు.

డైనమోలో పదేళ్లు

జాగ్రెబ్ నగరపు పెద్ద జట్టు డైనమో. దాని నీలి చొక్కా, మాక్సిమిర్ మైదానం ఆ నగరవాసులకు ఇంటిపేరు లాంటివి. క్రాంచార్ అక్కడి పిల్లల జట్టులోనే పెరిగి, 1973లో, పదిహేడేళ్లయినా నిండీ నిండకముందే, పెద్దల జట్టులోకి వచ్చారు. అప్పటి యుగోస్లావ్ లీగ్ యూరప్‌లోని గట్టి పోటీలలో ఒకటి. బెల్‌గ్రేడ్ నగరం నుంచి రెడ్ స్టార్, పార్టిజాన్. స్ప్లిట్ రేవుపట్టణం నుంచి హైదుక్. ఈ మూడింటి మధ్య డైనమో నలిగిపోయేది. 1958 తరువాత ఆ జట్టు లీగ్ గెలవనే లేదు.

ఆ కరవు 1981–82 సీజన్‌లో తీరింది. మిరోస్లావ్ బ్లాజెవిచ్ శిక్షణలో డైనమో 24 ఏళ్ల తరువాత విజేతగా నిలిచింది. ఆ సీజన్‌లో గోల్స్ పట్టికలో మొదటివాడు స్నేష్కో సెరిన్. ఆయనకు జతగా క్రాంచార్. 1980, 1983 సంవత్సరాలలో యుగోస్లావ్ కప్ కూడా డైనమోకే దక్కింది. పదేళ్లలో లీగ్ ఆటలలో క్రాంచార్ చేసిన గోల్స్ వందకు కాస్త తక్కువ. ఈ సంఖ్య మరీ ఆశ్చర్యపరిచేది కాకపోవచ్చు. అయితే ఆయన గోలు దగ్గర కాచుకుని కూర్చునే రకం కాదు. కొంచెం వెనక్కు తగ్గి బంతిని అందుకుని, పక్కవాడికి దారి చేసి, తాను మళ్లీ ముందుకు చొరబడే రకం.

యుగోస్లావియా జాతీయ జట్టుకు 1977–1983 మధ్య 11 మ్యాచ్‌లు ఆడి 3 గోల్స్ చేశారు. ఆటగాడిగా ప్రపంచ కప్‌లో అడుగుపెట్టే అవకాశం ఆయనకు రాలేదు.

వియన్నా

1984 ఆరంభంలో ఆయన ఆస్ట్రియా రాజధానికి, రాపిడ్ వియన్నా జట్టుకు వెళ్లారు. అక్కడి శిక్షకుడు ఓటో బారిచ్ కూడా క్రొయేషియన్ మూలాలవాడే. ఈ బారిచ్ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి, ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ వస్తారు. రాపిడ్‌లో అప్పుడు ఇద్దరు మహానుభావులు ఉన్నారు. ఒకరు ఆస్ట్రియా ప్రజల ఆరాధ్యుడు హాన్స్ క్రాంకల్. మరొకరు చెకోస్లోవేకియాకు చెందిన ఆంటోనిన్ పానెంకా. 1976 యూరో ఫైనల్‌లో నిర్ణాయకమైన పెనాల్టీని బలంగా కొట్టకుండా, గోల్‌కీపర్ పక్కకు దూకేదాకా ఆగి, చెంచాతో ఎత్తి వేసినట్టు మెల్లగా వలలోకి వదిలిన మనిషి ఈయనే. నేటికీ అట్టి పెనాల్టీని ఆయన పేరుతోనే పిలుస్తారు.

1984–85లో రాపిడ్ యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. క్వార్టర్ ఫైనల్‌లో తూర్పు జర్మనీ జట్టు డైనమో డ్రెస్డెన్ చేతిలో తొలి మ్యాచ్ 3-0తో ఓడి, వియన్నాలో జరిగిన రెండో మ్యాచ్‌ను 5-0తో గెలిచి ముందుకు సాగింది. 1985 మే 15న రోటర్‌డామ్‌లో జరిగిన ఫైనల్‌లో క్రాంచార్ తొలి నిమిషం నుంచి మైదానంలో ఉన్నారు. ఇంగ్లండు జట్టు ఎవర్టన్ 3-1తో గెలిచింది. రాపిడ్ ఏకైక గోలు క్రాంకల్‌ది. ఆస్ట్రియాలో మాత్రం రాపిడ్‌కు టైటిళ్లు దక్కాయి: 1987, 1988లలో లీగ్, 1984, 1985, 1987లలో కప్. రాపిడ్ తరఫున లీగ్‌లో క్రాంచార్ గోల్స్ వందకు పైబడ్డాయి. ముప్పయ్యేళ్లు దాటిన తరువాత చాలామంది స్ట్రైకర్లు నెమ్మదిస్తారు. ఆయన విషయంలో అది జరగలేదు.

వియన్నాకు వెళ్లిన ఏడాదే, 1984 ఆగస్టు 13న, జాగ్రెబ్‌లో కుమారుడు నికో పుట్టాడు. బాల్యంలో కొంత భాగం వియన్నాలో గడిచింది. ఇంట్లో క్రొయేషియన్, వీధిలో జర్మన్. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగే మన పిల్లలకు ఇది చెప్పి వివరించవలసిన సంగతి కాదు.

1990 అక్టోబరు 17

ఇక్కడ కొంచెం ఆగవలసి ఉంది. 1990 నాటికి యుగోస్లావియా బీటలు వారుతోంది. ఆ ఏడాది మే 13న మాక్సిమిర్ మైదానంలో డైనమోకు, బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్‌కు జరగవలసిన మ్యాచ్ అభిమానుల ఘర్షణతో రణరంగమై ఆగిపోయింది. రానున్న యుద్ధానికి అదే మొదటి గంట అని చెప్పుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. చరిత్రకారులు అంత తేలికగా ఒప్పుకోరు. యుద్ధాలకు కారణాలు మైదానాల కంటే లోతుగా ఉంటాయి. కానీ నాటి ఉద్రిక్తత ఎంతటిదో ఆ సంఘటన చూపుతుంది.

అయిదు నెలల తరువాత, అక్టోబరు 17న, అదే మైదానంలో ఒక వింత మ్యాచ్ జరిగింది. అమెరికా జాతీయ జట్టుతో క్రొయేషియా జట్టు స్నేహపూర్వక పోటీ. అప్పటికి క్రొయేషియా స్వతంత్ర దేశం కాదు. స్వాతంత్ర్య ప్రకటన 1991 జూన్ 25న వచ్చింది. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాలో సభ్యత్వం 1992లో లభించింది. అంటే చట్టం దృష్టిలో లేని దేశానికి జెండా ఉంది, జట్టు ఉంది, ఎదుట నిజమైన ప్రత్యర్థి ఉన్నాడు. శిక్షకుడు ద్రాజాన్ యెర్కోవిచ్. నాయకుడి పట్టీ 33 ఏళ్ల జ్లాట్కో క్రాంచార్ చేతికి కట్టారు. అసనోవిచ్, సెవ్యెత్కోవిచ్ చేసిన గోల్స్‌తో క్రొయేషియా 2-1తో గెలిచింది.

అప్పటికి ఆయన ఆటగాడిగా సాయంత్రపు ఎండలో ఉన్నారు. క్రొయేషియాకు ఆడినవి మొత్తం రెండే మ్యాచ్‌లు. గోల్ లేదు. ఏడేళ్లలో యుగోస్లావియా చొక్కాతో ఆడిన 11 కంటే ఈ రెండింటినే ఆయన దేశస్థులు ఎక్కువగా జ్ఞాపకం ఉంచుకున్నారు. మనిషి ఒక్కడే, నగరం ఒక్కటే, మైదానం ఒక్కటే, చొక్కా మారింది. ఊరు కదలకుండానే జిల్లా మారడం, రాష్ట్రం మారడం చూసిన కుటుంబాలు మన పాఠకులలో కొన్ని ఉన్నాయి. వారికి ఆ సాయంత్రం ఎలాంటిదో కొంత తెలుస్తుంది. మనకు యుద్ధం లేకుండా జరిగింది, అది మన అదృష్టం.

శిక్షకుడిగా తొలి అడుగులు

1991లో ఆట విరమించి శిక్షకత్వంలోకి వచ్చారు. చిన్న జట్లతో మొదలుపెట్టి 1996 నాటికి సొంత జట్టుకే చేరారు. ఆ జట్టు పేరు అప్పుడు డైనమో కాదు. 1993 నుంచి 2000 వరకు క్రొయేషియా జాగ్రెబ్ అని మార్చి ఉంచారు. అభిమానులకు ఆ మార్పు గిట్టలేదు, చివరకు పాత పేరే తిరిగి వచ్చింది. క్రాంచార్ 1996లోను, మళ్లీ 1998లోను లీగ్, కప్ రెండూ గెలిపించారు.

అయితే నా దృష్టిలో ఆయన శిక్షకత్వానికి అసలైన గీటురాయి 2001–02 సీజన్. స్వతంత్ర క్రొయేషియా లీగ్ మొదలైనప్పటి నుంచి విజేత అయితే డైనమో, కాకుంటే హైదుక్. మూడో పేరు లేదు. జాగ్రెబ్ నగరంలోనే ఎన్‌కే జాగ్రెబ్ అనే చిన్న జట్టు ఉంది. డైనమో నీడలో బ్రతుకుతున్న జట్టు. క్రాంచార్ ఆధ్వర్యంలో ఆ సీజన్‌లో అది విజేతగా నిలిచింది. 21 గోల్స్‌తో లీగ్‌లో ప్రథముడైన యువ స్ట్రైకర్ ఇవిత్సా ఓలిచ్ ఆ జట్టువాడే. తరువాత బయర్న్ మ్యూనిక్ దాకా వెళ్లాడు. ఆ ఇద్దరు పెద్దలను కాదని మరో జట్టు లీగ్ గెలవడానికి ఆ తరువాత పదిహేనేళ్లు పట్టింది. 2017లో రియెకా ఆ పని చేసింది. పెద్ద జట్టుతో గెలవడానికి డబ్బు సాయపడుతుంది, చిన్న జట్టుతో గెలవడానికి శిక్షకుడి చూపు కావాలి.

కొడుకు ఉన్న జట్టు

2004 యూరో పోటీలలో క్రొయేషియా తొలి దశలోనే వెనుదిరిగింది. శిక్షకుడు ఓటో బారిచ్ వైదొలిగారు. ఆయన స్థానంలో 2004 జూలైలో క్రాంచార్ వచ్చారు: వియన్నాలో తనకు ఆట చెప్పిన గురువు కుర్చీలో శిష్యుడు.

నికోకు అప్పటికి ఇరవై ఏళ్లు నిండబోతున్నాయి. డైనమోలో పెరిగి, చిన్న వయసులోనే ఆ జట్టుకు నాయకుడైన మిడ్‌ఫీల్డర్. తండ్రి వచ్చిన తరువాతనే, ఆగస్టులో, జాతీయ జట్టులో స్థానం దొరికింది. ఇక చెప్పేదేముంది! తండ్రి శిక్షకుడు కాబట్టే కొడుకు ఆడుతున్నాడని పత్రికలు, ప్రేక్షకులు అన్నారు. కుర్రవాడు పరుగులో నిదానమన్నారు, బరువున్నాడన్నారు. 2005 జనవరిలో నికో డైనమోను వదిలి ఆగర్భ శత్రువైన హైదుక్‌లో చేరడంతో జాగ్రెబ్ అభిమానులు దానిని ద్రోహంగా లెక్కకట్టారు. ఆ ఏడాది హైదుక్ లీగ్ గెలిచింది. డైనమో మొదటి ఆరు స్థానాలలోకి కూడా రాలేకపోయింది. డైనమో పిల్లవాడిగా పుట్టిపెరిగిన జ్లాట్కోకు ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ ఇరకాటం పరిచితమే. సొంత బిడ్డ తన తరగతిలోనే కూర్చుంటే మార్కులు వేసే చేయి రెండు విధాల వణుకుతుంది. ఎక్కువ వేస్తే లోకం ఊరుకోదు. లోకానికి జడిసి తక్కువ వేస్తే బిడ్డకు అన్యాయం. చాలామంది రెండో తప్పునే చేస్తారు, దానినే నిజాయితీ అనుకుంటారు. క్రాంచార్ ఆ తప్పు చేయలేదు. కొడుకును ఆడించారు, మాటలు పడ్డారు.

ఆయన నిర్ణయాలను తూచడానికి ముందుగా ఫలితాలు చూడవలసి ఉంది. 2006 ప్రపంచ కప్ అర్హత పోటీలలో క్రొయేషియా గ్రూపులో స్వీడన్, బల్గేరియా, హంగరీ, ఐస్‌లాండ్, మాల్టా ఉన్నాయి. పది మ్యాచ్‌లలో 7 విజయాలు, 3 డ్రాలు, ఓటమి లేదు. స్వీడన్‌కు, క్రొయేషియాకు సమానంగా 24 పాయింట్లు వచ్చాయి. పరస్పర పోటీలలో స్వీడన్‌ను రెండుసార్లూ 1-0తో ఓడించినందువల్ల క్రొయేషియాకే ప్రథమ స్థానం. ఆ రెండు గోల్స్ కూడా దారియో స్ర్నావే, ఒకటి ఫ్రీకిక్, రెండోది పెనాల్టీ.

2006 మార్చి 1న స్విట్జర్లాండు నగరం బాసెల్‌లో అర్జెంటీనాతో స్నేహపూర్వక మ్యాచ్ జరిగింది. క్రొయేషియా 3-2తో గెలిచింది. ఇంతకు మించిన విశేషాలు ఆ మ్యాచ్‌లో రెండున్నాయి. అర్జెంటీనా తరఫున లియోనెల్ మెస్సీ తొలి అంతర్జాతీయ గోలు అక్కడే పడింది. క్రొయేషియా తరఫున లూకా మోద్రిచ్ అనే ఇరవై ఏళ్ల బక్కపలచని కుర్రవాడిని క్రాంచార్ మొదటిసారి బరిలోకి దింపారు. మోద్రిచ్ 2018లో తన దేశాన్ని ప్రపంచ కప్ ఫైనల్‌కు చేర్చి, అదే ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు.

జర్మనీలో మూడు మ్యాచ్‌లు

2006 జూన్ 13న బెర్లిన్‌లో తొలి మ్యాచ్ అప్పటి విశ్వవిజేత బ్రెజిల్‌తో. కాకా చేసిన ఒక్క గోలుతో బ్రెజిల్ గెలిచింది. క్రొయేషియా ఓడినా మెప్పు పొందింది. 18న న్యూరెంబర్గ్‌లో జపాన్‌తో 0-0. అక్కడ చేతికందిన పెనాల్టీని స్ర్నా కొట్టగా గోల్‌కీపర్ కవాగుచి ఆపాడు. ప్రపంచ కప్ అంతా ఆ ఒక్క తన్నుపై ఆధారపడిందని నాకనిపిస్తుంది. 78వ నిమిషంలో క్రాంచార్ తన కొడుకును బయటికి పిలిచి మోద్రిచ్‌ను పంపారు. కొడుకును ఆడించాడన్నవారు దీనిని అంతగా చెప్పుకోలేదు.

మూడో మ్యాచ్ 22న స్టుట్‌గార్ట్‌లో ఆస్ట్రేలియాతో. ముందుకు వెళ్లాలంటే గెలవక తప్పదు. ఈ మ్యాచ్ సరిహద్దు మనుషులు ప్రత్యేకంగా చూడవలసినది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వేలాది క్రొయేషియన్ కుటుంబాలు ఆస్ట్రేలియాకు వలస వెళ్లాయి. వారి సంతానంలో కొందరు ఆస్ట్రేలియా చొక్కా వేసుకున్నారు: నాయకుడు మార్క్ విడుకా, యోసిప్ స్కోకో, గోల్‌కీపర్ జెల్కో కలాచ్ మొదలైనవారు. మరికొందరు ఆస్ట్రేలియాలో పుట్టి కూడా తాతల దేశానికి ఆడారు: కాన్‌బెర్రాలో పుట్టిన యోసిప్ షిమునిచ్, సిడ్నీలో పుట్టిన ఆంటొని షెరిచ్. ఆ రాత్రి ఏ జట్టు ఎవరిదో చొక్కా రంగు చూసి చెప్పవలసిందే గాని పేరు విని చెప్పలేని స్థితి.

రెండో నిమిషంలోనే స్ర్నా ఫ్రీకిక్‌తో గోలు. క్రెయిగ్ మూర్ పెనాల్టీతో సమం. నాయకుడు నికో కోవాచ్ కొట్టిన బంతిని కలాచ్ చేజార్చుకోగా మళ్లీ ఆధిక్యం. 79వ నిమిషంలో హ్యారీ క్యూయెల్ గోలుతో 2-2. అక్కడితో క్రొయేషియా ఇంటిదారి పట్టింది. ఇంగ్లండు రిఫరీ గ్రాహం పోల్ షిమునిచ్‌కు రెండో పసుపు కార్డు చూపి బయటికి పంపడం మరచి, మూడోది చూపిన తరువాత గాని పంపలేదు. రెండు పసుపు కార్డులంటే బహిష్కరణ అన్నది బడిపిల్లలకు కూడా తెలిసిన నియమం. షిమునిచ్ ఆస్ట్రేలియా యాసలో మాట్లాడడం వల్ల ఆ కార్డును ఆస్ట్రేలియా ఆటగాడి పేరున వ్రాసుకున్నానని తరువాత పోల్ వివరించాడు. యాసను బట్టి మనిషిది ఏ దేశమో తేల్చబోయి బోల్తాపడిన రిఫరీ ఈయన ఒక్కడే కాబోలు.

మూడు మ్యాచ్‌లు, ఒక్క విజయమూ లేదు, రెండే గోల్స్. అర్హత పోటీలలో ఓటమి ఎరుగని పది మ్యాచ్‌లు ఎవరికీ జ్ఞాపకం రాలేదు. 2006 జూలైలో క్రాంచార్‌ను తొలగించి స్లావెన్ బిలిచ్‌ను నియమించారు.

నికో విషయంలో తీర్పు తండ్రి వెళ్లిపోయిన తరువాత వచ్చింది. బిలిచ్‌కు నికో బంధువు కాడు. తనకిష్టమైతే జట్టు నుంచి తీసివేయవచ్చు. తీసివేయలేదు. 2007 నవంబరు 21న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో క్రొయేషియా ఇంగ్లండును 3-2తో ఓడించి, ఆ దేశాన్ని 2008 యూరో పోటీలకే రాకుండా చేసింది. ఎనిమిదో నిమిషంలో తొలి గోలు దూరం నుంచి కొట్టినవాడు నికో క్రాంచార్. ఇంగ్లండు లీగ్‌లో పోర్ట్స్‌మౌత్ తరఫున 2008లో ఎఫ్‌.ఏ. కప్ గెలిచాడు, ఆపై టోటెన్‌హామ్‌కు ఆడాడు. జాతీయ జట్టుకు అతడు ఆడినవి 81 మ్యాచ్‌లు, చేసినవి 16 గోల్స్. వాటిలో ఎక్కువ భాగం తండ్రి హయాం ముగిసిన తరువాత ఆడినవే.

మోంటెనెగ్రో, ఇరాన్

తొలగింపు తరువాత క్రాంచార్ చాలా దేశాలు తిరిగారు. పర్షియన్ గల్ఫ్ ప్రాంతపు జట్లు, 2009లో టెహరాన్ నగరపు పెర్సెపోలిస్. వాటిలో చెప్పుకోదగినంత ఏమీ జరగలేదు. 2010లో మోంటెనెగ్రో జాతీయ జట్టు బాధ్యత లభించింది. ఇదీ పాత యుగోస్లావియా ముక్కే. 2006లో సెర్బియా నుంచి విడివడి స్వతంత్రమైంది. జనాభా ఆరు లక్షల పైచిలుకు. కొత్త దేశపు కొత్త జట్టును నడపడం ఆయనకు కొత్త కాదు కదా! 2012 యూరో అర్హత పోటీలలో వేల్స్, బల్గేరియా, స్విట్జర్లాండు జట్లను వరుసగా 1-0, 1-0, 1-0తో ఓడించి, 2010 అక్టోబరు 12న వెంబ్లీలో ఇంగ్లండును 0-0తో నిలువరించారు. మూడేళ్ల క్రితం కొడుకు గోలు కొట్టిన మైదానంలోనే తండ్రి ఇలా ఇంగ్లండుకు చెమటలు పట్టించారు. 2011 సెప్టెంబరులో కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో 2-1 ఓటమి తరువాత ఆయనను తొలగించారు. ఆయన వేసిన బాట మీదనే జట్టు గ్రూపులో రెండో స్థానం పొంది ప్లేఆఫ్ ఆడింది. గెలిచినన్నాళ్లు నెత్తిన పెట్టుకుని ఒక్క ఓటమికి దింపివేయడం ఆ వృత్తి నైజం.

వెనువెంటనే ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరం ఆయనను పిలిచింది. అక్కడి సెపాహాన్ జట్టుకు 2011–12లో లీగ్, 2012–13లో హజ్ఫీ కప్ గెలిపించి 2014 వరకు ఉన్నారు. తరువాత మళ్లీ వెళ్లి ఇరాన్ 23 ఏళ్ల లోపు జట్టుకు కూడా శిక్షణ ఇచ్చారు. 2018 ఆసియా క్రీడలలో ఆ జట్టు ఆయనదే. నడుమ 2016లో కొద్దికాలం డైనమోకు తిరిగి వచ్చి, ఆస్ట్రియా జట్టు సాల్జ్‌బర్గ్‌ను ఓడించి చాంపియన్స్ లీగ్ ప్రధాన పోటీకి చేర్చారు. ఆ తరువాత నెల తిరగకుండానే సెప్టెంబరులో ఆ పదవీ పోయింది.

క్రొయేషియా శిక్షకులు మన దేశానికీ వచ్చారు. 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం పొందిన జట్టులోని రక్షక ఆటగాడు ఇగోర్ స్టిమాచ్ 2019 నుంచి 2024 వరకు భారత జాతీయ జట్టును నడిపారు. క్రాంచార్‌కు మాత్రం మన దేశంతో సంబంధం కలగలేదు.

నికో 2018లో ఆట విరమించాడు. జ్లాట్కో క్రాంచార్ కొద్దికాలపు అనారోగ్యం తరువాత 2021 మార్చి 1న జాగ్రెబ్‌లో మరణించారు. బాసెల్‌లో మోద్రిచ్‌ను తొలిసారి మైదానంలోకి పంపిన రోజుకు అప్పటికి సరిగ్గా పదిహేనేళ్లు.